తిరిగొచ్చినా దారి గుర్తుంటుంది

మా నాయినను ఎమ్మారై స్కానింగుకు హైదరాబాద్ తీసుకుపోయిన రోజు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో మా ఊరి నీళ్లే జీవితమంతా తాగిన మనిషి. నడుము ముందుకు వంగిపోయింది. మెడ పక్కకు తిరగదు. కాళ్లకు తిమ్మిర్లెక్కి, నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. నీళ్లలోని ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఎముకలో చేరి దాన్ని మందం చేస్తుంది. ఆ మందం లోపలి వైపుకు పెరిగితే వెన్నుపాము నలుగుతుంది. ఎక్కడ నలిగిందో చూడాలంటే ఆ గొట్టంలో పడుకోబెట్టాలి. వంగిన నడుముతో వెల్లకిలా పడుకోవడమే ఆయనకు నరకం. అరగంటకు బయటికి తెచ్చారు. కాసేపు ఊపిరి తీసుకుని నన్నడిగాడు:

"ఏం జేసిండ్రురా లోపట? సూది గుచ్చలే, కోయలే. ఉత్త సప్పుడు. మరి బొక్క లోపటిది ఎట్ల కనవడ్డది?"

అప్పటికి నేను ఉస్మానియాలో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చదివి, జిల్లా పరిషత్ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతున్న మనిషిని. "న్యూక్లియర్ మాగ్నెటిక్ రెజొనెన్స్ అంటరు నాయినా" అన్నాను. ఆయన ఇంకేం అడగలేదు. బస్సులో మాల్ అనే ఊరు వచ్చేదాకా కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. కన్నతండ్రి తన ఒంటి గురించి తన మాటలో అడిగితే, నేను మూడు ఇంగ్లిషు మాటలు ఆయన ముందు పెట్టి తలుపేశాను. ఆ సంగతి నన్ను ఆ తర్వాత ఏ పాఠంలోనూ వదల్లేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే.

ఈ మధ్య క్వాంటం అనే మాట లేని పత్రిక కనిపించడం లేదు. 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 6,003 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటం మిషన్‌ను ఆమోదించింది. సెమీకండక్టర్ల తయారీకి 2021 డిసెంబరులోనే 76,000 కోట్ల పథకం ప్రకటించారు. అమరావతిలో క్వాంటం వ్యాలీ కడతామంటున్నారు. ఇవన్నీ రావాలి, పిల్లలకు పనులు దొరకాలి. కానీ యంత్రం నగరానికి వస్తే చాలదు. ఆ యంత్రం అడుగున ఉన్న భావన తెలుగులో, మండల కేంద్రంలోని హైస్కూలు దాకా రావాలి. "అవి పెద్ద చదువులు, మన పిల్లలకు ఎక్కవు" అని చాలామంది నాతో అన్నారు. ఎక్కుతాయని నేను నమ్ముతాను. అందుకే అన్నిటికంటే కష్టమనిపించే దాన్నే తీసుకుని చూపిస్తాను. దాని పేరు బెర్రీ దశ. దానివల్ల లోహాల్లో, స్ఫటికాల్లో స్పిన్ అనేది ప్రవహిస్తుంది.

నల్లగొండ జిల్లాలో బత్తాయి దొరకని ఊరుండదు. ఒక బత్తాయి, చీపురుపుల్ల ముక్క ఒకటి చేతిలోకి తీసుకోండి. తొడిమ దగ్గర పుల్లను తొక్క మీద ఆనించి, దాని మొన కిందికి చూసేలా పెట్టండి. ఇప్పుడు పుల్లను ఏమాత్రం తిప్పకుండా నేరుగా కాయ నడుం దాకా జరపండి. అక్కడి నుంచి నడుం వెంబడి పావు చుట్టు పక్కకు పోండి. అప్పుడూ పుల్లను తిప్పొద్దు, మొన కిందికే చూస్తూ ఉండాలి. అక్కడి నుంచి మళ్లీ నేరుగా తొడిమ దగ్గరికి రండి. బయలుదేరిన చోటికే వచ్చారు. దారిలో ఎక్కడా పుల్లను తిప్పలేదు. అయినా మొన ఇప్పుడు మొదట చూసిన దిక్కును కాక, దానికి అడ్డంగా, సరిగ్గా 90 డిగ్రీల అవతలికి చూస్తుంటుంది.

తరగతిలో ఇది చేసినప్పుడల్లా పిల్లలు ఒక్క క్షణం నిశ్శబ్దమైపోయేవాళ్లు. ఒక ఏడాది ఎనిమిదో తరగతి పిల్ల లేచి, "సార్, మీరు తిప్పలే, నేను తిప్పలే. మరి ఎవరు తిప్పిండ్రు?" అని అడిగింది. నా ఉద్యోగ జీవితంలో విన్న మంచి ప్రశ్నల్లో అదొకటి. తిప్పింది కాయ గుండ్రదనం. అదే పని బల్ల మీద, చదునుగా ఉన్న చోట చేస్తే పుల్ల ఉన్నది ఉన్నట్టే తిరిగొస్తుంది. ఎంత వేగంగా పోయామన్నదానితో నిమిత్తం లేదు. దారి ఎంత మేర తొక్కను చుట్టుముట్టిందన్నదే లెక్క. మనం చుట్టింది బత్తాయి తొక్కలో ఎనిమిదో వంతు. ఆ ఎనిమిదో వంతు విస్తీర్ణాన్ని కోణంగా చెబితే అదే 90 డిగ్రీలు. దీన్ని పుస్తకాల్లో ఘనకోణం అంటారు.

బత్తాయి కన్నా పెద్ద గుండ్రటి కాయ మీద మనమంతా నిలబడి ఉన్నాం. 1851లో ఫ్రాన్సులో లియాన్ ఫూకో పారిస్‌లోని పాంథియాన్ కప్పు నుంచి బరువైన గుండును వేలాడదీసి ఊపాడు. గుండు ఊగే గీత గంటగంటకూ పక్కకు జరిగింది. భూమి తిరుగుతోందని జనం కళ్లారా చూశారు. ఆ గీత రోజుకు ఎంత తిరుగుతుందన్నది ఆ ఊరు భూమధ్యరేఖకు ఎంత దూరంలో ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. ధ్రువం మీద రోజుకు పూర్తి చుట్టు, భూమధ్యరేఖ మీద సున్నా. మర్రిగూడ దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. లెక్క వేస్తే రోజుకు 105 డిగ్రీలు, గంటకు నాలుగు డిగ్రీల పైచిలుకు. చుట్టంతా పూర్తి కావడానికి సుమారు 82 గంటలు.

ఈ లెక్కను పిల్లలకు బోర్డు మీద చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఒక ఆదివారం, తెలిసిన రైస్‌మిల్లు యజమానిని అడిగి, మూతపడ్డ రేకుల షెడ్డులో దూలానికి ఆరు మీటర్ల స్టీలు తీగ కట్టాం. కొసకు 20 కిలోల తూకపు బాటు. మొదట రెండుసార్లు చెడింది. చేత్తో వదిలితే ఎంత జాగ్రత్తపడినా చెయ్యి కాస్త పక్కకు తోస్తుంది, బాటు గీతలో ఊగకుండా కోడిగుడ్డు ఆకారంలో తిరుగుతుంది. మూడోసారి బాటును దారంతో గోడకు లాగి కట్టి, కదలిక పూర్తిగా ఆగాక దారాన్ని అగ్గిపుల్లతో కాల్చాం. అప్పుడు కుదిరింది. నేల మీద సుద్దముక్కతో మొదటి గీత గీశాం. గంట తర్వాత రెండో గీత. నడిమి నుంచి మీటరు దూరంలో రెండు గీతల మధ్య ఎడం నాలుగు వేళ్లు. గడియారం ముల్లు తిరిగే దిక్కుకే జరిగింది. ఆ నాలుగు వేళ్లలో మా మండలం భూగోళం మీద ఎక్కడుందో రాసి ఉంది. పిల్లలు ఒక్కొక్కరే వంగి తమ వేళ్లు పెట్టి కొలుచుకున్నారు.

పుల్ల, లోలకం, ఈ రెండిటి కథలోనూ సారం ఒకటే. ఒక వస్తువు బయలుదేరిన చోటికే తిరిగొచ్చినా, పోయిన దారి వంపు దాని మీద ఒక గుర్తు వేస్తుంది. ఇదే గుర్తు కాంతి మీద కూడా పడుతుందని మొదట కనిపెట్టింది మన దేశపు కుర్రవాడు.

ఆయన పేరు శివరామకృష్ణన్ పంచరత్నం. 1934లో పుట్టారు. సి.వి.రామన్‌కు మేనల్లుడు. బెంగళూరులో రామన్ పరిశోధన సంస్థలో స్ఫటికాల గుండా కాంతి పోయే తీరును చదువుతూ, 1956లో 22 ఏళ్ల వయసులో ఒక వ్యాసం ప్రచురించారు. కాంతి ఒక తరంగం. దాని కంపనానికి ఒక దిక్కు, ఒక తీరు ఉంటాయి. దాన్నే ధ్రువణం అంటాం. ఈ తీరులన్నిటినీ ఒక గోళం మీద చుక్కలుగా గుర్తించవచ్చు. కాంతిని ఒక తీరు నుంచి రెండో తీరుకు, అక్కడి నుంచి మూడోదానికి మార్చి, మళ్లీ మొదటి తీరుకే తెస్తే ఏమవుతుంది? కాంతి చూడటానికి మునుపటిలాగే ఉంటుంది, కానీ దాని దశ మారి ఉంటుంది. ఎంత మారిందంటే, ఆ గోళం మీద చుట్టిన ఘనకోణంలో సగం.

దశ అంటే ఏమిటో చెప్పడానికి నాకు మా అమ్మ, మేనత్త గుర్తొస్తారు. ఒకే రోట్లో ఇద్దరూ రోకళ్లతో దంచేవాళ్లు. ఒకరి రోకలి లేచినప్పుడు రెండోవారిది పడేది. దెబ్బల వేగం ఒకటే, దశ వేరు. ఒక తరంగం లేచే క్షణానికి ఇంకోటి పడుతుంటే రెండూ కలిసినప్పుడు చీకటి, రెండూ ఒకేసారి లేస్తే వెలుగు. దశ మార్పును ఈ వెలుగు చీకట్లతోనే కొలుస్తారు. పంచరత్నానికి పెద్ద యంత్రాలు అక్కర్లేకపోయాయి. కాంతిని ఒక తీరులో నిలిపే పలకలు, స్ఫటికపు ముక్కలు, ఓపిక, రేఖాగణితం మీద పట్టు. అంతే.

ఆ వ్యాసాన్ని ముప్పై ఏళ్ల పాటు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. పంచరత్నం తర్వాత మైసూరులో పాఠాలు చెప్పి, ఆక్స్‌ఫర్డుకు వెళ్లి, 1969లో 35 ఏళ్లకే కన్నుమూశారు. 1984లో ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ బెర్రీ అనే సైద్ధాంతికుడు, పంచరత్నం వ్యాసం సంగతి తెలియకుండానే, ఏ క్వాంటం వ్యవస్థనైనా నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి మొదటికి తెస్తే దానికి ఇలాంటి అదనపు దశ వస్తుందని నిరూపించాడు. ప్రపంచమంతా దాన్ని బెర్రీ దశ అన్నది. 1986లో పంచరత్నం అన్న శివరాజ్ రామశేషన్, రాజారాం నిత్యానంద కలిసి కరెంట్ సైన్స్ పత్రికలో, ఇది మా దగ్గర 1956లోనే ఉందని చూపించారు. బెర్రీ పెద్దమనసుతో ఒప్పుకుని, ఆ పాత వ్యాసం గొప్పదనం గురించి స్వయంగా రాశాడు. తమ్ముడు పోయిన పదిహేడేళ్లకు అన్న ఆ కాగితాన్ని లోకానికి చూపించాల్సి వచ్చింది. దేశంలో జ్ఞానం పుట్టడం ఒక్కటే చాలదు, దాన్ని చదివి, చెప్పుకుని, ముందుకు మోసే మనుషులు చుట్టూ ఉండాలని నేను ఈ కథ నుంచి నేర్చుకున్నాను.

ఇప్పుడు స్పిన్ దగ్గరికి వద్దాం. ఎలక్ట్రాన్‌కు విద్యుదావేశం ఉంటుందని పదో తరగతి పిల్లలకు తెలుసు. దానితోపాటు పుట్టుకతో వచ్చిన ఒక చిన్న అయస్కాంత గుణం కూడా ఉంటుంది. దాన్నే స్పిన్ అంటాం. బొంగరంలా తిరుగుతోందని ఊహించుకుంటే ఒక మేరకు సరిపోతుంది, కానీ నిజానికి అక్కడ తిరిగే గుండు ఏదీ లేదు. ఒక దిక్కును ఎంచుకుని కొలిస్తే పైకి, లేదా కిందికి, ఈ రెండే జవాబులు వస్తాయి. ఈ స్పిన్‌ను అయస్కాంత క్షేత్రంలో పెట్టి, ఆ క్షేత్రం దిక్కును బత్తాయి మీద పుల్లలాగా నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి తెస్తే, దానికి చుట్టిన ఘనకోణంలో సగం దశ అదనంగా వస్తుంది. మన ఎనిమిదో వంతు తొక్కకు 45 డిగ్రీలన్నమాట. 1987లో న్యూట్రాన్ల మీద, పరమాణు కేంద్రకాల మీద కొలిచి చూశారు. బెర్రీ చెప్పినట్టే వచ్చింది.

మరి రాగి తీగలో, ప్లాటినం పొరలో, సెమీకండక్టర్ స్ఫటికంలో ఈ గుండ్రదనం ఎక్కడుంది? ఇక్కడే చాలామంది పుస్తకం మూసేస్తారు. కాస్త ఓపిక పట్టమని అడుగుతున్నాను. స్ఫటికంలో పరమాణువులు నాటు వేసిన పొలంలో సాళ్లలాగా వరుసగా ఉంటాయి. వాటి మధ్య ఎలక్ట్రాన్ ఒక తరంగంగా పోతుంది. బ్యాటరీ తగిలిస్తే దాని ద్రవ్యవేగం క్రమంగా మారుతుంది. ద్రవ్యవేగం మారినకొద్దీ ఆ తరంగం లోపలి కూర్పు కూడా మారుతుంది. పరమాణువు చుట్టూ అది తిరిగే తీరు ఎంత పాలు, స్పిన్ ఏ దిక్కుకు ఎంత వాలి ఉంది అన్నవి కలగలిసి మారతాయి. బరువైన పరమాణువుల్లో ఈ కలయిక మరీ గట్టిది. అంటే ఎలక్ట్రాన్ మన కంటికి తిన్నగా పోతున్నట్టున్నా, తన లోపలి కూర్పుల లోకంలో ఒక వంపు తిరిగిన నేల మీద నడుస్తోంది. ఆ వంపునే బెర్రీ వక్రత అంటారు. ఆ నేల వంపు ఎలక్ట్రాన్‌ను పక్కకు నెడుతుంది. గుండ్రటి బత్తాయి పుల్లను తిప్పినట్టే, ఇక్కడా ఎవరూ నెట్టకుండానే పక్క వేగం పుడుతుంది.

ఇంకో సంగతి అన్నిటికంటే అందమైనది. ఆ వంపు పై స్పిన్‌కు ఒక వైపుకు ఉంటే, కింది స్పిన్‌కు దానికి ఎదురు వైపుకు ఉంటుంది. కల్లంలో తూర్పార పడితే వడ్లు ఒక పక్క, పొల్లు ఒక పక్క పడినట్టు, తీగలో ముందుకు సాగే ఎలక్ట్రాన్లలో పై స్పిన్‌వి ఎడమ అంచుకు, కింది స్పిన్‌వి కుడి అంచుకు చేరతాయి. రెండు వైపులా సమానంగా పోతాయి కనుక అడ్డంగా కరెంటు ఉండదు. కానీ స్పిన్ మాత్రం అడ్డంగా ప్రవహిస్తుంది. కల్లంలో గాలి కావాలి. ఇక్కడ బయటి నుంచి అయస్కాంతం కూడా అక్కర్లేదు. దీని పేరు స్పిన్ హాల్ ప్రభావం.

ఈ భావన ఒక్కరోజులో రాలేదు. 1879లో అమెరికాలో ఎడ్విన్ హాల్ అయస్కాంత క్షేత్రంలో కరెంటు పక్కకు వాలుతుందని చూశాడు. 1881లో ఇనుములో ఆ వాలు లెక్కకు మించి ఉందని కనిపెట్టాడు. ఎందుకన్న ప్రశ్న డెబ్బై ఏళ్లు మిగిలిపోయింది. 1954లో కార్‌ప్లస్, లటింజర్ అనే ఇద్దరు స్ఫటికం లోపలి కూర్పే ఎలక్ట్రాన్‌కు పక్క వేగం ఇస్తుందన్నారు. మలినాలను ఢీకొనడమే కారణమని మరికొందరు వాదించారు. బెర్రీ దశ వచ్చాకనే కార్‌ప్లస్, లటింజర్ రాసింది ఈ వంపు గురించేనని అర్థమైంది. స్పిన్ ఇలా అడ్డంగా పోతుందని 1971లో రష్యన్లు డైకోనోవ్, పెరెల్ ఊహించారు. మలినాలు లేకపోయినా వంపు ఒక్కటే దాన్ని పుట్టించగలదని 2003లో మురకామి, నగావోసా, షౌచెంగ్ జాంగ్, 2004లో సినోవా బృందం లెక్క కట్టి చెప్పారు. 2004లో కాలిఫోర్నియాలో ఆషలోమ్ బృందం గాలియం ఆర్సెనైడ్ ముక్క రెండు అంచుల్లో వ్యతిరేక స్పిన్‌లు పోగవడాన్ని కాంతితో చూసింది. ప్రతి పదార్థంలో అంతా బెర్రీ వంపు పుణ్యమే అనకూడదు. మలినాల పాలు కూడా ఉంటుంది, ఏది ఎంత అన్నది పదార్థాన్ని బట్టి తేల్చుకోవాలి. శాస్త్రంలో ఈ నిజాయితీని కూడా పిల్లలకు చెప్పాలి.

ఏ స్ఫటికంలో వంపు ఉంటుంది, దేనిలో ఉండదు అన్నది నిర్ణయించేది దాని సౌష్ఠవం. అద్దంలో చూసినా, తిప్పి చూసినా, తలకిందులు చేసినా అలాగే ఉందా లేదా అన్న లెక్క. ఈ లెక్కలో దేశంలోనే దారి చూపినవారిలో ఒకరు తెలుగువారు. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివి, కలకత్తాలో రామన్ దగ్గర చేరారు. టి.వెంకటరాయుడుతో కలిసి భౌతికశాస్త్రంలో గ్రూపు సిద్ధాంతం గురించి పుస్తకం రాశారు. 1952 నుంచి 1957 దాకా ఉస్మానియా ఉపకులపతి. 1966లో ఆయన రాసిన 'క్రిస్టల్ సిమ్మెట్రీ అండ్ ఫిజికల్ ప్రాపర్టీస్' అనే పుస్తకాన్ని నేను ఉస్మానియా గ్రంథాలయంలో అట్ట ఊడిపోయిన ప్రతిలో చదివాను. స్ఫటికం ఆకారం చూసి అది ఏం చేయగలదో, ఏం చేయలేదో ముందే చెప్పవచ్చని ఆ పేజీల్లో మొదటిసారి తెలిసినప్పుడు నా చేతులు వణికాయి. నేడు స్పిన్ పదార్థాలను వెతికేవాళ్లు మొదట వేసే ప్రశ్న అదే. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో నిర్మల్ విశ్వనాథన్ బృందం కాంతి స్పిన్ మీద, అది తన దారితో కలిసి చేసే పనుల మీద ప్రయోగాలు చేస్తూ వచ్చింది. పంచరత్నం దారి మా ఊరికి బస్సు దూరంలోనే ఉందన్నమాట. ఆ సంగతి మా పిల్లలకు తెలియదు.

దీనివల్ల ఉపయోగం ఏమిటని అడుగుతారు. 1988లో ఆల్బర్ట్ ఫెర్ట్, పీటర్ గ్రూన్‌బర్గ్ స్పిన్‌ను బట్టి లోహపు పొరల నిరోధం బాగా మారుతుందని కనిపెట్టారు. పదేళ్లలోపే అది హార్డ్ డిస్కులను చదివే మొనల్లోకి వచ్చింది. 2007లో వారికి నోబెల్ దక్కింది. స్పిన్ హాల్ ప్రభావంతో ఒక లోహపు పొరలో కరెంటు పంపి, పైనున్న అయస్కాంతపు పొరను తిప్పవచ్చని 2012లో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు టాంటలమ్‌తో చూపించారు. అయస్కాంతంలో రాసిన అక్షరం కరెంటు పోయినా చెరగదు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని పల్లెలో పెరిగిన నాకు ఆ గుణం విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు.

అయినా ఒక ప్రశ్న నన్ను నేరుగా తాకుతుంది. నీళ్ల కోసం ఏడ్చిన మండలానికి బెర్రీ దశ ఎందుకు? ఫ్లోరైడ్ పోరాటానికి ముఖమై నిలిచిన అంశాల స్వామిది మా మండలంలోని శివన్నగూడెం. 2023 జనవరిలో ఆయన వెళ్లిపోయారు. ఆ వంగిన ఒళ్లను చూస్తూ పెరిగినవాళ్లకు భౌతికశాస్త్రపు అందం గురించి మాట్లాడటం న్యాయమేనా?

న్యాయమే. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించొద్దని, వేరే గతి లేకపోతే 1.5 దాకా అని మన ప్రమాణాలు చెబుతాయి. మా బోర్లలో దానికి ఎన్నో రెట్లుండేది. ఆ అంకె మనకు ఎలా తెలిసింది? ప్రయోగశాలల్లో దాన్ని కొలిచే ఎలక్ట్రోడ్ మొనలో లాంథనమ్ ఫ్లోరైడ్ స్ఫటికం ఉంటుంది. ఫ్లోరైడ్ అయాన్లు ఆ గట్టి స్ఫటికంలో ఖాళీ నుంచి ఖాళీకి దూకుతూ కదులుతాయి. 1966లో ఫ్రాంట్, రాస్ అనే ఇద్దరు ఆ ఎలక్ట్రోడ్‌ను తయారు చేశారు. ఘనపదార్థంలో ఏది ఎలా ప్రవహిస్తుందన్న శాస్త్రం లేకపోతే, మా బాధను సర్కారు ముందు పెట్టడానికి అంకె ఉండేది కాదు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని 1975లో నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించి మా జిల్లా పేరే పెట్టింది. 'నల్లగొండ టెక్నిక్' ప్రపంచ పుస్తకాల్లో ఉంది. ఇప్పుడు మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వస్తున్నాయి. శాస్త్రం మా ఇంటి బయటి విషయం ఏనాడూ కాదు. బాధ పడినవాళ్లంగా దానిలోకి పోయాం. చదువుకునేవాళ్లంగా, కనిపెట్టేవాళ్లంగా కూడా దానిలోకి పోయే హక్కు మాకుంది.

అందుకే నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ప్రతి జిల్లా పరిషత్ హైస్కూల్లో ఒక ఎత్తైన చోటు చూసి ఫూకో లోలకం కట్టాలి. తీగ, బాటు, సుద్దముక్క చాలు. ప్రతి పాఠశాల తన ఊరి అక్షాంశాన్ని నేల మీద గీసుకోవాలి. డిగ్రీ కళాశాలల ఫిజిక్స్ ప్రయోగశాలల్లో పోలరాయిడ్ పలకలతో పంచరత్నం ప్రయోగాన్ని చేర్చాలి. 22 ఏళ్ల వయసులో ఆయన చేసింది మన 20 ఏళ్ల పిల్లలు చేసి చూడగలరు. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం ఉంది. 2007 నుంచి ఉన్న ఆ ప్రాంగణం చుట్టుపక్కల హైస్కూళ్ల పిల్లలకు ఏడాదికి ఒక్కసారైనా తలుపులు తెరవాలి. వేల కోట్ల క్వాంటం నిధుల్లో ఒక చిన్న పాలు నగరాల బయటి కళాశాలల్లో అధ్యాపకుల నియామకానికి, పరికరాలకు పోవాలి.

ఇంకొకటి, నా మనసుకు అన్నిటికంటే దగ్గరది. ఇదంతా తెలుగులో చెప్పాలి. అమెరికాలో ప్రొఫెసరుగా ఉంటూ వేమూరి వేంకటేశ్వరరావు గారు క్వాంటమ్‌ను 'గుళిక' అని పిలిచి ఏళ్ల తరబడి తెలుగులో శాస్త్రం రాశారు. మాట ఏదైనా ఫర్వాలేదు. స్పిన్‌ను స్పిన్ అనే అందాం. కానీ దాని చుట్టూ ఉన్న వాక్యం తెలుగులో నడవాలి. బత్తాయి, రోకలి, కల్లం ఉన్న భాషకు బెర్రీ దశను చెప్పే శక్తి ఉంది. మార్కుల కోసం మొదటి గీత, చివరి జవాబు మాత్రమే చూసే చదువులో పెరిగిన పిల్లలకు, ప్రకృతి మధ్య దారిని కూడా లెక్కలో వేసుకుంటుందని తెలియాలి. పుల్లను ఎవరు తిప్పారని అడిగిన పిల్లకు జవాబు తన భాషలోనే దొరకాలి. అది దొరికితే తర్వాతి పంచరత్నం కాగితం ముప్పై ఏళ్లు దుమ్ము కింద పడి ఉండదు.

మా నాయిన ఇప్పుడు లేడు. ఉంటే ఆ రోజు అడిగినదానికి ఇట్ల చెప్పేవాణ్ని.

"నాయినా, నీ ఒంట్ల నిండ నీళ్లున్నయి. ఆ నీళ్లల్ల కంటికి కనవడని బొంగరాల అసుంటియి ఉన్నయి. ఆ గొట్టం పెద్ద అయస్కాంతం. దాంట్లకు పోంగనే ఆ బొంగరాలు ఒక్క దిక్కుకు సదురుకుంటయి. మిషిను వాటిని తడుతది, పక్కకు ఒరుగుతయి. మళ్ల లేసేటప్పుడు మన చెవులకు ఇనరాని చిన్న సైగ ఇస్తయి. ఏడ నీళ్లు ఎక్కువ, ఏడ తక్కువ అన్నది ఆ సైగే చెప్తది. వెన్నుపాము ఏడ నలిగిందో గట్ల కనవడ్డది. మనల్ని వంచిందీ నీళ్లే, ఏడ వంగినమో చూపిచ్చిందీ నీళ్లే."

బస్సు మాల్ చేరేలోపే చెప్పడం అయిపోయేది.